మందు మాటున మందు

"మందు అలవాటుందా?"

డాక్టరు ఈ మాట అడగ్గానే మన దగ్గర చాలామంది మగవాళ్లు ముందు పక్కకి చూస్తారు. పక్కన భార్య ఉంటుంది. ఒక్కోసారి కూతురో, కోడలో ఉంటుంది. ఆ తర్వాతే జవాబు వస్తుంది. "అబ్బే... లేదు సార్."

మిర్యాలగూడలో ఓ రైస్‌మిల్లులో గుమాస్తాగా పనిచేసే పెద్దమనిషి కూడా తొమ్మిదేళ్లపాటు అదే జవాబు చెప్పాడు. మూడు నెలలకోసారి షుగర్ డాక్టరు దగ్గరికి వెళ్లేవాడు. రక్తపరీక్ష కాగితం చూస్తూ డాక్టరు అడిగేవాడు. ఆయన లేదనేవాడు. పక్క కుర్చీలో కూర్చున్న భార్య కొంగు వేలికి చుట్టుకుంటూ నేలకేసి చూసేది. నలుగురిలో మొగుడి పరువు తీయడం ఎందుకని ఆమె ఊరుకుంది. అడగాల్సింది అడిగానని డాక్టరు ఊరుకున్నాడు. బయటికొచ్చాక ఆయన స్కూటరు స్టార్ట్ చేసేవాడు.

రోగం తగ్గించేదీ మందే. సాయంత్రం సీసాలో దొరికేదీ మందే. ఆ ఇంట్లో రెండూ ఉండేవి. షుగర్ గోలీలు, బీపీ గోలీలు అలమరలో దేవుడి పటం పక్కన. క్వార్టర్ సీసా స్కూటరు డిక్కీలో. ఆ రెండూ ఒకదానికొకటి ఎదురుపడవని ఆయన నమ్మకం.

"పొద్దున గోలీ, రాత్రి సీసా. మధ్యల పన్నెండు గంటలు. అప్పటికి గోలీ అరిగిపోతది" అనేవాడు స్నేహితులతో. పెళ్లిళ్లు, పండగలప్పుడు ఎక్కువ తాగాలనుకుంటే ఆ రోజు గోలీయే మానేసేవాడు. మిల్లులో బస్తాల లెక్క రాసే మనిషి. ఈ లెక్క కూడా కుదిరిందనే అనుకున్నాడు.

తప్పిన లెక్క

కుదరలేదు. షుగర్‌కు రోజుకొకసారి వేసుకునే గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర పొద్దుగూకేసరికి అరిగిపోయేది కాదు. దాని పని దాదాపు రోజంతా సాగుతూనే ఉంటుంది. ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయించి రక్తంలో చక్కెరను తగ్గిస్తుంది. మామూలుగా చక్కెర మరీ పడిపోతే ఆదుకునేది కాలేయం. ఇంట్లో బియ్యం అయిపోతే గాదెలోంచి తీసినట్టు తన దగ్గరున్న నిల్వ వదులుతుంది. అదీ చాలకపోతే కొత్తగా చక్కెర తయారుచేస్తుంది. ఒంట్లోకి మద్యం వచ్చిందంటే ఆ కొత్త తయారీ కుంటుపడుతుంది. అన్నం తినకుండా తాగిన మనిషికి గాదె కూడా అడుగంటి ఉంటుంది. ఒకవైపు గోలీ చక్కెరను దించుతుంటుంది. మరోవైపు ఆదుకోవాల్సిన కాలేయం చేతులెత్తేస్తుంది.

ఓ మే నెల రాత్రి సరిగ్గా అదే జరిగింది. పదింటికి ఇంటికొచ్చాడు. అన్నం వద్దన్నాడు. మంచం వాకిట్లో వేసుకుని పడుకున్నాడు. అర్ధరాత్రి దాటాక ఆమెకు మెలకువ వచ్చి చూస్తే బనియను పిండితే నీళ్లు కారేలా ఉంది. ఏదేదో మాట్లాడుతున్నాడు. చేయి పట్టుకుంటే విదిలించాడు. 'ఇయ్యాల ఎక్కువైనట్టుంది' అనుకుంది. టేబుల్ ఫ్యాను తెచ్చి తలవైపు పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

తెల్లవారి టీ తెచ్చి లేపితే లేవలేదు.

వీధి చివర ఉండే ఆర్‌ఎంపీ డాక్టరు పరుగున వచ్చి వేలికి సూది గుచ్చి మిషన్‌లో చూశాడు. డెబ్బైకి తగ్గితేనే తక్కువ అంటారు. మిషన్ మీద 38 కనిపించింది. అక్కడే చేతికి గ్లూకోజు ఎక్కించి, ఆటోలో ఆసుపత్రికి పంపాడు. ఈ రకం గోలీ వల్ల పడిపోయిన చక్కెర ఒకసారి పెరిగినా మళ్లీ పడిపోవచ్చు. అందుకని ఒక రోజంతా ఆసుపత్రిలోనే ఉంచారు.

మద్యం, షుగర్ గోలీ కలిసినప్పుడు అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. తాగిన మనిషికీ, చక్కెర పడిపోయిన మనిషికీ పైకి పెద్ద తేడా కనిపించదు. ఇద్దరికీ మాట తడబడుతుంది. అడుగు తూలుతుంది. ఇద్దరూ చిరాకు పడతారు, మత్తుగా పడిపోతారు. తాగి పడుకున్నాడులే అని ఇంట్లోవాళ్లు దుప్పటి కప్పి వదిలేస్తారు. ఒళ్లు చల్లబడి చెమటలు పడుతుంటే అది మత్తు కాకపోవచ్చు. స్పృహలో ఉంటే పంచదార నీళ్లు తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ రాత్రి ఆమెకు ఇవేవీ తెలియవు. ఆ ఫ్యాను పెట్టి లోపలికి పోయిన సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఆమెకు కన్నీళ్లు ఆగవు.

ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు. "రాత్రి తాగారా?" మంచం పక్కన వియ్యపురాలు నిలబడి ఉంది. కూతురి అత్తగారు సూర్యాపేట నుంచి చూడ్డానికి వచ్చింది. "అన్నం తినకుండ పండుకున్నడు సార్" అంది భార్య. అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

పప్పులో పొడి

ఇరవై రోజులు ఆయన సీసా ముట్టలేదు. ఇరవై ఒకటో రోజు మిల్లు ఓనరు ఇంట్లో ఫంక్షన్ జరిగింది. మళ్లీ మొదలు.

ఆమె అంగన్‌వాడీ టీచరు. ఏ గోలీ ఎప్పుడు వేసుకోవాలో, ఏది పాలతో వేసుకోకూడదో కేంద్రానికి వచ్చే గర్భిణులకు ఓపిగ్గా చెప్పే మనిషి. అలాంటామెకు ఇంట్లో మాత్రం మాట సాగలేదు. బతిమాలింది. పుట్టింటికి పోతానని బెదిరించింది. ఒకసారి సీసా మోరీలో పారబోసింది. ఆయన ఇంకో సీసా తెచ్చుకున్నాడు. రాత్రిపూట ఆమె నిద్ర పోయింది. గంటకోసారి లేచి మొగుడి నుదురు తడిమి చూసేది. చెమట పట్టిందా, లేదా?

అప్పుడు పక్కింటామె ఓ మాట చెప్పింది. "మా ఆడబిడ్డ మొగనికి పప్పుల కలిపి పెట్టినం. ఆయనకు తెల్వనే తెల్వది. ఆర్నెల్లాయె, సీసా మొకం చూస్తలేడు."

ఇలాంటి మాటలు మన ఊళ్లలో కొత్త కాదు. తాగుడు మాన్పిస్తామంటూ గోడల మీద రాతలు, రోగికి తెలియకుండానే ఇవ్వొచ్చంటూ కరపత్రాలు బస్టాండులో నిలబడితే చాలు, కనిపిస్తాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద కదిలినప్పుడు అందరూ కలిసి వీధిలోకి వచ్చారు. ఈమె ఒక్కతే. వీధిలోకి కాదు, వంటింట్లోకి వెళ్లింది. తెలిసినవాళ్ల ద్వారా తెప్పించిన తెల్లమాత్రను పొడిచేసి, ఆయన గిన్నెలో పప్పులో కలిపింది.

బతుకమ్మ రోజులవి. ఆ వారంలో తాగిన రెండుసార్లూ ఆయనకు ముఖం మండింది, తల పోటెత్తింది. 'సరుకు కల్తీ' అనుకుని బ్రాండు మార్చాడు. ఆమె మాత్రం మందు పనిచేస్తోందని సంబరపడింది. పండగ దగ్గరపడుతోంది. ఇంకొంచెం ఎక్కువేస్తే పూర్తిగా మానేస్తాడేమోనని ఆశపడింది. ఎక్కువేసింది.

రబ్బరు ఫ్యాక్టరీ నుంచి

ఆ తెల్లమాత్ర పేరు డైసల్ఫిరామ్. దాని కథ వైద్యంలో కాదు, రబ్బరు ఫ్యాక్టరీలో మొదలైంది. రబ్బరును గట్టిపరచడానికి ఈ జాతి రసాయనాలు వాడతారు. అమెరికాలో ఓ రబ్బరు ఫ్యాక్టరీ డాక్టరు అక్కడి కార్మికులు మద్యాన్ని అసలు తట్టుకోలేకపోతున్నారని గమనించి 1937లో ఆ సంగతి రాశాడు. 1940ల్లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో జెన్స్ హాల్డ్, ఎరిక్ జాకబ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు డైసల్ఫిరామ్ కడుపులో పురుగులకు మందుగా పనికొస్తుందేమోనని చూస్తున్నారు. ముందు తామే మింగి చూశారు. పురుగుల సంగతి ఎలా ఉన్నా, ఆ తర్వాత మద్యం పుచ్చుకున్నప్పుడల్లా ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, ఒళ్లంతా బాగోలేకుండా పోయింది. కారణం ఆ మాత్రేనని తేల్చారు. 1948లో లాన్సెట్ పత్రికలో ఆ వివరాలు వెలువడ్డాయి. అలా తాగుడు మాన్పించే మందు పుట్టింది.

అది చేసే పని చిన్నదే. మనం తాగిన మద్యాన్ని శరీరం ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుస్తుంది. వెంటనే దాన్ని ఇంకో ఎంజైము హానిలేని పదార్థంగా మార్చేస్తుంది. డైసల్ఫిరామ్ ఆ రెండో ఎంజైమును ఆపేస్తుంది. విషం ఒంట్లోనే పేరుకుపోతుంది. తాగిన పది నిమిషాల నుంచి అరగంట లోపు ముఖం ఎర్రబడటం, తలపోటు, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. బీపీ పడిపోతుంది. తీవ్రమైతే గుండె లయ తప్పవచ్చు, గుండెపోటు రావచ్చు, ప్రాణమే పోవచ్చు. మాత్ర మానేశాక కూడా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండొచ్చు. ఆ రోజుల్లో ఆల్కహాల్ కలిసిన దగ్గుమందు తాగినా ప్రమాదమే.

ఇంతకీ ఈ మందు మనిషిని ఎలా మాన్పిస్తుంది? భయంతో. 'నేను ఈ గోలీ వేసుకున్నాను, ఇప్పుడు తాగితే నాకు ఇలా అవుతుంది' అని తెలిసిన మనిషి సీసా దగ్గర ఆగిపోతాడు. ఆ తెలియడంలోనే వైద్యం ఉంది. తెలియని మనిషికి ఆ భయం ఉండదు. ఎప్పటిలాగే తాగుతాడు. అప్పుడది మందు కాదు, దారిలో తవ్వి ఆకులు కప్పిన గొయ్యి. అందుకే, తాగి ఉన్న మనిషికి గానీ, పూర్తిగా తెలియజేయకుండా గానీ ఈ మాత్ర ఎన్నడూ ఇవ్వకూడదని అమెరికాలో దాని లేబులు మీద అన్నిటికన్నా పైన గడి కట్టి మరీ హెచ్చరిస్తారు.

ఆమెకు చేరిన మాత్రల వెంట ఏ కాగితమూ రాలేదు. "దొరక్కుండ కలుపు" అన్న మాట మాత్రం వచ్చింది.

పండగ నాడు

దసరా నాడు బావమరిది ఇంట్లో మటన్ వండారు. మధ్యాహ్నం డాబా మీద నలుగురూ కూర్చున్నారు. ఆయన గ్లాసులో సగం కూడా అవ్వలేదు. ముఖం కందిపోయింది. చొక్కా గుండీలు తీసేసుకున్నాడు. "గుండె గుంజుతున్నదిరా" అంటూ లేవబోయి కుప్పకూలాడు.

ఆసుపత్రిలో ఈసీజీ తీశారు. బీపీ బాగా పడిపోయింది. గుండెపోటు కావచ్చనుకుని ఆ దారిలోనే పరీక్షలు మొదలుపెట్టారు. "ఏం తాగాడు, ఎంత తాగాడు?" డాక్టరు అడిగాడు. ఈసారి బావమరిది దాచలేదు. "పండుగ కద సార్... సగం పెగ్గు. అంతకంటె లేదు." సగం పెగ్గుకు మనిషి ఇలా అవడమేమిటని డాక్టరుకు అంతు పట్టలేదు. భార్యవైపు తిరిగాడు. "ఏమేం గోలీలు వాడుతున్నారమ్మా? అన్నీ చెప్పండి."

ఆమె సంచిలోంచి షుగర్ గోలీల అట్ట, బీపీ గోలీల అట్ట తీసి చూపించింది.

"ఇంకేమైనా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

చెబితే మొగుడికి విషం పెట్టిందంటారు. పోలీసులు వస్తారు. కొడుకు హైదరాబాద్ నుంచి బయల్దేరాడు, వాడేమనుకుంటాడు? చెప్పకపోతే... వరండాలో గోడకు ఆనుకుని ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. సెలైను సీసాతో ఓ నర్సు అటుగా వెళుతుంటే చేయి పట్టుకుంది. "సిస్టరమ్మా, జర ఇట్ల రా. నేనొక తప్పు చేసిన."

ఆ ఒక్కమాటతో డాక్టర్ల చేతికి దారి దొరికింది. ఈ పరిస్థితికి విరుగుడు ఇంజెక్షన్ అంటూ లేదు. సెలైను ఎక్కిస్తూ, బీపీని, గుండెను కనిపెట్టుకుని ఉండాలి. అలాగే చేశారు. మూడో రోజు ఇంటికి పంపారు. ఆమెను ఎవరూ తిట్టలేదు. డాక్టరు మాత్రం ఆ ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడాడు. "మీరు తాగుడు నా దగ్గర దాచారు. ఆమె గోలీ మీ దగ్గర దాచింది. ఆ రెండు దాపరికాలూ మీ కడుపులో కలిశాయి."

ఆయనకు సంగతి తెలిసింది అప్పుడే.

ఆమె వడ్డిస్తే...

ప్రాణం దక్కింది. కానీ ఇంట్లో కంచం ముందు కూర్చోవడం కష్టమైపోయింది. ముప్పై ఏళ్లుగా ఆమె ఏం వడ్డిస్తే అది తిన్న మనిషి, గిన్నెలోకి తొంగి చూడటం మొదలుపెట్టాడు. పప్పు ముట్టలేదు. మిల్లు దగ్గర హోటల్లో ఇడ్లీ తిని వచ్చి, ఆకలి లేదనేవాడు. షుగర్ ఉన్న మనిషి వేళకు తినకపోతే ఏమవుతుందో ఆమెకు ఇప్పుడు తెలుసు. అందుకని ఓ పని చేసింది. రోజూ ఆయన ముందే గిన్నెలోంచి రెండు ముద్దలు తాను తిని, అదే గిన్నె ఆయన ముందుకు జరిపేది. ఏమీ అనేది కాదు. దాదాపు రెండు నెలలు అలాగే నడిచింది.

ఓ రాత్రి ఆయన గిన్నె తన వైపు లాక్కుని, "ఇగ చాలు, నువ్వు ముందు తినుడు ఆపు" అన్నాడు. అప్పుడామె మే నెల రాత్రి సంగతి చెప్పింది. ఫ్యాను సంగతి, గంటకోసారి లేచి నుదురు తడిమిన సంగతి. ఆ రాత్రి తాను చావు దాకా వెళ్లొచ్చానని ఆయనకు తెలుసు. ఆ తర్వాత ఆమె నిద్రపోలేదన్నది మాత్రం తెలియదు.

మర్నాడు ఇద్దరూ కలిసి మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లారు. మద్యానికి బానిసవడాన్ని చికిత్స కావలసిన ఆరోగ్య సమస్యగానే 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చూస్తుంది. ఆ చికిత్సకు రోగికి అన్నీ వివరించి సమ్మతి తీసుకోవాలని కూడా చెబుతుంది. ఆ డాక్టరు డైసల్ఫిరామ్ రాయలేదు. గుండెజబ్బు ఉన్నవాళ్లకు అది పనికిరాదు, షుగర్ ఉన్నవాళ్ల విషయంలోనూ చాలా జాగ్రత్త అవసరం. తాగాలన్న యావను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు వేరే ఉన్నాయి. అందులో ఒకటి రాశాడు. రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే చేతులు వణకడం, ఫిట్స్, లేనివి ఉన్నట్టు కనిపించడం లాంటివి రెండు మూడు రోజుల్లో రావచ్చని, అందుకే డాక్టరు కనుసన్నల్లోనే మానాలని చెప్పాడు. ఆసుపత్రి దూరమైనవాళ్లు 14446 నంబరుకు ఫోన్ చేసి సలహా అడగొచ్చు. అది మత్తు అలవాట్లు మాన్పించేందుకు కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న ఉచిత హెల్ప్‌లైన్.

మిగతా అట్టలు

వాళ్లింట్లోనివి షుగర్ గోలీలు. వేరే ఇంట్లో వేరే అట్టలుంటాయి. విరేచనాలకో, చిగుళ్ల వాపుకో ఇచ్చే మెట్రోనిడజోల్‌తో మద్యం పడితే దాదాపు డైసల్ఫిరామ్ లాంటి బాధే రావచ్చంటారు. కోర్సు అయ్యాక కూడా రెండు మూడు రోజులు ఆగమంటారు. రోజూ బాగా తాగేవాళ్లకు జ్వరం మాత్ర పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది. టీబీ మందుల కోర్సు నెలల తరబడి ఉంటుంది. అన్నాళ్లూ తాగుడు కూడా తోడైతే మొదట దెబ్బతినేది కాలేయమే. ఒళ్లునొప్పుల గోలీల మీద తాగితే కడుపులో రక్తస్రావం జరగొచ్చు. షుగర్‌కే వాడే మెట్‌ఫార్మిన్ మీద విపరీతంగా తాగితే రక్తంలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది.

అన్నిటికన్నా మోసం చేసేవి నిద్రమాత్రలు. ఆల్ప్రాజోలం, డయాజిపామ్ లాంటివి, మద్యం, రెండూ మెదడును జోకొట్టేవే. రెండూ కలిస్తే నిద్రలోనే శ్వాస మందగిస్తుంది. తెలంగాణలో కల్తీ కల్లులో కలుపుతూ పట్టుబడుతున్నది ఈ ఆల్ప్రాజోలమే. అది తాగేవాళ్లకు తాము వేసుకుంటున్నది గోలీ అని కూడా తెలియదు.

డాక్టరు చీటీ రాసేటప్పుడు ఒక్క ప్రశ్న అడిగితే ఇవన్నీ తప్పుతాయి. "సార్, ఈ గోలీ మీద తాగితే ఏమవుతది?" ఆ మాట అడగడానికి సిగ్గు. అడిగితే తాగుతాడని తెలిసిపోతుంది. పక్కన ఇంట్లోవాళ్లుంటే మరీ కష్టం. అలాంటప్పుడు రెండు నిమిషాలు ఇంట్లోవాళ్లను బయట కూర్చోమని డాక్టరు అడగొచ్చు. పోనీ, భార్యే లేచి బయటికి వెళ్లొచ్చు.

మొన్న షుగర్ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆమె అలాగే లేవబోయింది. ఆయన చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"మందు అలవాటుందా?" కొత్త ఫైలు తెరుస్తూ డాక్టరు మామూలుగానే అడిగాడు.

ఆయన పక్కకి చూశాడు. ఈసారి ఆమె నేలకేసి చూడటం లేదు.

"ఉండె సార్. ఇప్పుడు గోలీ వాడుతున్న, చానవరకు తగ్గింది. పోయిన నెల చుట్టాల పెండ్లిల ఒకసారి తాగిన. ఆ రాత్రి అన్నం తినే పండుకున్న. ఈమెకు చెప్పిన."

డాక్టరు తల ఎత్తి ఇద్దర్నీ చూశాడు. పొద్దున వేసుకునే షుగర్ గోలీని మార్చాల్సి ఉంటుందన్నాడు. పెన్ను తీసుకుని, పాత ఫైళ్లన్నిట్లో 'లేదు' అని రాసి ఉండే ఆ గడిలో మొదటిసారి నాలుగు ముక్కలు రాశాడు.